ఆ చేయి ఖాళీ జాగా కాదు

సంపాదకుడు గారికి,

మాతృదినోత్సవం నాటి మీ ఆదివారం అనుబంధంలో లియొనార్డో డావిన్చి గీసిన తల్లీబిడ్డల బొమ్మను నిండు పేజీలో వేసినందుకు సంతోషించాను. కానీ ‘అమ్మ ప్రేమ’ అన్న శీర్షికను సరిగ్గా పునీత అన్నమ్మ పైకెత్తిన చేతి మీదే అచ్చువేశారు. నీడలు దిద్దని చోటు కనుక ఖాళీ అనుకున్నట్టున్నారు. పైగా కింద ‘పెన్సిల్ స్కెచ్’ అని రాశారు.

పెన్సిల్ ఎక్కడిది? ఎనిమిది కాగితాలు అతికించి, బొగ్గుతో గీసి, తెల్ల సుద్దతో వెలుగులు దిద్దిన బొమ్మ అది. ఎత్తు 141 సెంటీమీటర్ల పైమాటే. మరియ తన తల్లి అన్నమ్మ ఒడిలో కూర్చుని ఉంటుంది. ఇద్దరి తలలూ ఇంచుమించు ఒకే ఎత్తులో, ఒకే ఒంటి నుంచి మొలిచినట్టు కనిపిస్తాయి. బాలయేసు తల్లి చేతుల్లోంచి బాలయోహాను (తర్వాత బాప్తిస్మమిచ్చే యోహాను) వైపు వాలుతున్నాడు. మరియ చూపు బిడ్డ మీద, అన్నమ్మ చూపు కూతురి మీద. అన్నమ్మ వేలు మాత్రం ఆకాశం వైపు. ముఖాలకు అంత ఓపికగా నీడలు దిద్దినవాడు ఆ చేతిని ఉత్త గీతగా వదిలేశాడు. పని మధ్యలో ఆగిందనే అంటారు, నిజమే కావచ్చు. కంటికి కనబడనిదాన్ని చూపే చేతికి కండ ఎందుకని నాకు అనిపిస్తుంది.

కంటి ముందరి అందం కనిపించని అందానికి మెట్టు అని ఆనాటి ఇటలీలోని ఫ్లోరెన్స్ నగర పండితులు నమ్మారు. వారిలో ఒకరైన మార్సీలియో ఫిచీనో చేసిన, గ్రీకు తత్వవేత్త ప్లేటో రచనల లాటిన్ అనువాదం 1484లో అచ్చయింది. లియొనార్డో వాళ్ల శిష్యుడేమీ కాడు, అనుభవానికి శిష్యుణ్నని రాసుకున్న మనిషి. అయినా ఈ బొమ్మ అమ్మ ప్రేమ దగ్గర ఆగిపోదు. ఆ బిడ్డ తల్లికి దక్కేవాడు కాదని పైకెత్తిన వేలు చెబుతోంది. మీ అక్షరాలు కప్పేసింది ఆ మాటనే.

1962లో లండన్‌లోని రాయల్ అకాడమీ అనే కళాసంస్థ తన దగ్గరున్న ఈ బొమ్మను అమ్మకానికి పెడితే, రెండున్నర లక్షల మందికి పైగా వచ్చి చూశారు. జనం చందాలు వేసుకున్నారు, ప్రభుత్వం 3.5 లక్షల పౌండ్లు కలిపింది. మొత్తం 8 లక్షల పౌండ్లకు అది అదే ఊళ్లోని చిత్రశాల నేషనల్ గ్యాలరీకి దక్కింది.

డ్రాయింగ్ మాస్టారు లేని బడుల పిల్లలకు ఇలాంటి బొమ్మలు కనిపించేది ఎక్కువగా పత్రికల్లోనే. దయచేసి దీన్ని అక్షరాలేవీ పైన పడకుండా మరోసారి వేయండి. కింద బొగ్గు, సుద్ద, కాగితం అని, కొలత, ఉన్న ఊరు రాస్తే చాలు.

— ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, తెనాలి