మా తాత పటం విషయంలో సాయం చేసిన క్యూరేటర్ మేడమ్‌కు కృతజ్ఞతలు

మాది కూనపులి ఇల్లు. కథలు చెప్పడం మా కులవృత్తి. మా తాత పద్మశాలీల ఊళ్లు తిరిగి, పటం, అంటే బొమ్మలు వేసిన పొడవాటి గుడ్డ, విప్పి వాళ్ల కులకథ మార్కండేయ పురాణం చెప్పేవాడు. ఆయన పోయాక ఆ పటం ఇరవై ఏళ్లు ట్రంకుపెట్టెలోనే ఉంది. పోయిన ఎండాకాలం తీసి చూస్తే మడతల దగ్గర రంగు పొడిలా రాలుతోంది.

పాడైన పటాన్ని గంగలో కలపడం మా ఆచారం. చిన్నాయన అదే చేద్దామన్నాడు. అంతలో పట్నం నుంచి ఒకతను వచ్చి నలభై వేలిస్తానన్నాడు, బయటి దేశంలో ఎవరికో కావాలట. ఇంట్లో గొడవలు, నాకు ఒకటే టెన్షన్. అప్పుడు ఒక మిత్రుడు ఈ మేడమ్ నంబరు ఇచ్చాడు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మేడమ్ క్యూరేటర్, అంటే కళావస్తువుల ఎగ్జిబిషన్లు పెట్టే మనిషి. ఆర్ట్ కన్సల్టెంట్ కూడా. ఆర్ట్ కన్సల్టెంట్ అంటే డబ్బున్నవాళ్లకు బొమ్మలు కొనిపెట్టే మనిషి అనుకునేవాణ్ని. ఆ పనీ చేస్తారు. కానీ మేడమ్ బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ చదివి, మొదటి ఆరేళ్లు ఒక మ్యూజియం స్టోర్‌రూమ్‌లో రిజిస్టర్లు రాశారట. వస్తువు కొలత ఎంత, ఎక్కడ చిరిగింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఇవే. ఎగ్జిబిషన్లు ఆ తర్వాత, కన్సల్టింగ్ ఇంకా తర్వాత.

ఆ ఆరేళ్ల ఓపిక మా ఇంట్లో కనిపించింది. నేల మీద దుప్పటి పరిచి, పటాన్ని అంగుళం అంగుళం విప్పించారు. ధర మాటే ఎత్తలేదు. కథ ఏ బొమ్మతో మొదలవుతుందని చిన్నాయనను అడిగారు. ఖద్దరు మీద సుద్ద, చింతగింజల అంబలి కలిపి పూసిన పూత ఎక్కడ లేచిందో చూపించారు. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి ఎక్కిన పులి దగ్గర ఆగి, "ఇది వేరే చెయ్యి" అన్నారు. చిన్నాయనకు అప్పుడు గుర్తొచ్చింది, తాత ఒకసారి చేర్యాల తీసుకెళ్లి, పటాలు వేసే నకాషీ చిత్రకారులతో ఆ పులిని దిద్దించాడని! ఆ మాట మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

వందేళ్లు దాటిన పటమైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వాళ్లు దేశం దాటించకూడదని ఆమే చెప్పారు. కొనడానికొచ్చినతను ఆ సంగతి చెప్పనేలేదు. నేను వేసిన సెలోటేపు చూసి కూడా కోప్పడలేదు. ఇక మీద వేయొద్దన్నారు, అంతే. మడత పెట్టకుండా లావుపాటి గొట్టానికి రంగు పైకి వచ్చేలా చుట్టి, మల్లు గుడ్డ కప్పడం నేర్పారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆమె చిన్నాయనతో మాట్లాడిన తీరు. "గంగలో కలపాలా వద్దా అన్నది మీ ఇష్టం. దానికి ముందు ఫొటోలు తీసి, కథ రికార్డు చేద్దాం" అన్నారు. రెండు రోజులు చిన్నాయన పాడాడు. మరిచిపోయిన చోట బొమ్మ చూసి అందుకున్నాడు. ఆమె ఫీజు తీసుకోలేదు. ఫొటోలు తీసిన తమ్ముడికీ చాలా థాంక్స్.

పటం ఇప్పుడు ఇంట్లోనే ఉంది. పురుగు పట్టిందేమోనని నెలకోసారి చిన్నాయనే విప్పి చూస్తున్నాడు.

మేడమ్, జంధ్యాల పౌర్ణమికి మిమ్మల్ని తప్పకుండా రమ్మని చెప్పమన్నాడు. పులి దగ్గర కథ ఈసారి పూర్తిగా వినిపిస్తాడట.