ఎడమ ఫ్లిప్పర్ పని చేయడం లేదు, మీ కస్టమర్ కేర్ కూడా

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీరు ‘పరిష్కరించాం’ అని మూసేసిన నా పిన్‌బాల్ మిషన్ ఫిర్యాదు

అయ్యా,

కాకినాడ భానుగుడి జంక్షన్ దగ్గర చిన్న గేమ్ సెంటర్ నడుపుకుంటున్నాను. మీరు అమెరికా నుంచి తెప్పించి, బాగు చేయించి అమ్మిన పాత పిన్‌బాల్ మిషన్ మా దగ్గరుంది. దాని ఎడమ ఫ్లిప్పర్ నీరసంగా కొడుతోంది. బంతి ర్యాంపు సగం దాకా ఎక్కి వెనక్కి జారిపోతోంది. కుడి ఫ్లిప్పర్‌కి ఏ రోగమూ లేదు. మిషన్ గురించి చెప్పాల్సింది ఇంతే. మిగతా ఉత్తరమంతా మీ గురించే.

మొదట ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. “స్క్రీన్ మీద ఏ ఎర్రర్ కోడ్ వస్తోంది సార్?” అంది. కోడ్ ఏమీ రావడం లేదమ్మా, ఫ్లిప్పర్ వీక్‌గా ఉంది అన్నాను. “ఫ్లిప్పర్ అంటే రిమోటా సార్?” అంది. పిన్‌బాల్ మిషన్లు అమ్మే కంపెనీలో కూర్చుని అడిగిన ప్రశ్న ఇది. బంతిని కొట్టే రెక్క అని చెప్పాక, ప్లగ్ తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టమంది. పెట్టాను. రెక్కకి ప్రాణం రాలేదు.

తర్వాత లైన్లోకి వచ్చినాయన తేల్చేశారు: “మీ ఊళ్లో ఓల్టేజీ తక్కువ సార్, స్టెబిలైజర్ పెట్టించుకోండి. మా దగ్గరే దొరుకుతుంది.” రెండు ఫ్లిప్పర్లకీ కరెంటు ఒకే సప్లై నుంచి వస్తుంది కదా, ఓల్టేజీ తక్కువైతే కుడిది కూడా చచ్చుబడాలి కదా అన్నాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత “మీరు టెక్నీషియనా సార్?” అని అడిగారు. కాదండీ, డబ్బులు కట్టినవాణ్ణి.

ఇంకొకాయన కాళ్ల కింద బోల్టులు తిప్పి మిషన్ వాలు తగ్గించమన్నారు. వాలు తగ్గిస్తే బంతి నెమ్మదిస్తుంది, దాంతో ఫ్లిప్పర్ నీరసం బయటపడదు. అంటే జ్వరం తగ్గించకుండా థర్మామీటర్ దాచెయ్యమని సలహా.

ఎలాగో మీ టెక్నీషియన్ వచ్చాడు. ఆ కుర్రాణ్ణి నేను ఒక్క మాట అనను. అద్దం తీసి, బోర్డు పైకెత్తి, అంతా చూపించాడు. రెక్కని లేపే కాయిల్ లోపలి స్లీవ్ (గొట్టం) అరిగిపోయింది. అందులో కదిలే ప్లంజర్ కడ్డీ కొస ఏళ్ల తరబడి దెబ్బలు తిని పుట్టగొడుగులా విచ్చుకుని స్లీవ్‌ని రాసుకుంటోంది. రెక్క పూర్తిగా లేచేదాకా కాయిల్‌కి ఫుల్ పవర్ అందించే స్విచ్ కాంటాక్టులు మాడిపోయాయి. ‘బాగు చేసి’ అమ్మిన మిషన్ లోపల పరిస్థితి ఇది. “స్లీవ్, ప్లంజర్, లింకు, ఆ స్విచ్ మారిస్తే గంట పని సార్, పార్టులు హైదరాబాద్ నుంచి రావాలి” అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఓటీపీ అడిగాడు, చెప్పకపోతే తను వచ్చినట్టు లెక్కలోకి రాదట.

అతను మెట్లు దిగేలోపే ‘మీ సమస్య పరిష్కారమైంది, ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని మెసేజ్.

అప్పటి నుంచి అసలు కథ. పార్టుల వాళ్లని అడిగితే ఓపెన్ టికెట్ ఉంటేనే పంపుతామంటారు. సర్వీసు వాళ్లని అడిగితే టికెట్ మూసేశారు కాబట్టి కొత్తది తీసుకోమంటారు. కొత్తది తీసుకుంటే మళ్లీ టెక్నీషియన్ రావాలి, ఈసారి విజిట్ ఛార్జీ కట్టాలంటారు. “సీనియర్ గారితో మాట్లాడి కాల్ చేస్తాం” అన్న సీనియర్ గారు ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. వాట్సాప్‌లో నేను పంపిన వీడియో కింద రెండు నీలం టిక్కులు మాత్రం ఉన్నాయి, చూశారన్నమాట. ఎన్నిసార్లు ఫోన్ చేశానో నేను రాయక్కర్లేదు, ‘నాణ్యత కోసం కాల్ రికార్డ్ చేస్తున్నాం’ అంటారుగా, వినండి.

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యువల్ కోసం మాత్రం మీ వాళ్లు తేదీ తప్పకుండా ఫోన్ చేస్తారు. ఆ అబ్బాయికి నా పేరు, మా పిల్లల చదువులు కూడా గుర్తే.

ఎయిర్ హాకీ మీ దగ్గరే కొన్నాను. బాస్కెట్‌బాల్ మిషన్ మీ దగ్గరే. రాజమండ్రిలో మా బావమరిది సెంటర్ పెడతానంటే వేరేవాళ్లు తక్కువకిస్తామన్నా మీ దగ్గరికే పంపాను. ఇప్పుడు వాడికి మొహం చూపించలేకపోతున్నాను.

చివరికి దొరికిన ఒక మేడమ్, “ఒక ఫ్లిప్పర్ వీక్ ఉన్నా గేమ్ ఆడొచ్చు కదా సార్” అన్నారు. నిజమే. 1947లో చికాగోలో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ మిషన్‌కి ఫ్లిప్పర్లు పెట్టేదాకా, జనం బంతి వదిలి, అది ఎక్కడ పడుతుందా అని చూస్తూ నిలబడేవాళ్లు. కావాలంటే బిల్లులో ‘1947కు ముందు పద్ధతి’ అని రాసి, ధర కూడా అప్పటిదే వేసి, మిగతాది వాపసివ్వండి.

అన్నట్టు, ఇది వ్యాపారానికి కొన్నది కాబట్టి నేను వినియోగదారుణ్ణి కానని కూడా ఆవిడే సెలవిచ్చారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చదవండి. కేవలం స్వయం ఉపాధితో బతకడానికి కొనుక్కున్న వస్తువుని అది వాణిజ్యం కింద లెక్కవేయదు. నా సెంటర్లో నేనూ, మా ఆవిడా తప్ప పనివాళ్లు లేరు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకూ వచ్చు, వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్ కేసు వేయడం మా అమ్మాయికి వచ్చు.

పార్టులు పంపుతారో, మిషనే వెనక్కి తీసుకెళ్తారో మీ ఇష్టం. కానీ ముందు నా టికెట్‌ని ‘పరిష్కారమైంది’ అని మూసింది ఎవరో, ఏం చూసి మూశారో ఆయన సంతకంతో కాగితం మీద రాసి పంపండి. ఈ ఉత్తరం మామూలు పోస్టులో వస్తోంది, దీనికి ఓటీపీ ఉండదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కాకినాడ