బిడ్డా, టైల్ కంటే ముందు సందులు చూడు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు అన్నీ చూశాను. మీ అమ్మకు ఆ నీలి పువ్వుల డిజైన్ బాగా నచ్చింది, రెండుసార్లు ఫోన్ తీసుకొని మళ్లీ చూసింది. కానీ వంటింటి గోడ విషయంలో నా మాట కొంచెం వినమ్మా, ఇన్నేళ్లు తాపీ పట్టుకొని జడ్చర్ల నుంచి హైదరాబాద్ దాకా ఎందరి ఇళ్లలోనో ఈ గోడలు చేశాను, కొన్నేళ్లకు ఏదో పని మీద మళ్లీ అదే ఇంటికి పోతే ఏది నిలిచిందో ఏది పాడైందో కళ్లారా చూశాను. పాడయ్యేది టైల్ కాదు. టైల్‌కూ టైల్‌కూ మధ్య ఉండే సందు.

అందుకే నీ ఫోటోల్లోని ఆ తెల్ల ఇటుకల్లాంటి చిన్న టైల్స్ వద్దంటున్నాను. బాగుంటాయి, కాదనను. 1904లో న్యూయార్క్‌లో భూమి కింద రైలు మొదలైనప్పుడు స్టేషన్ గోడలకు వేసిన తరహా అది, అక్కడ గోడ మీద పడేది దుమ్మే గానీ నూనె కాదు. మీ వంటగట్టు ఒకవైపు 8 అడుగులు, ఇంకోవైపు 6 అడుగులు, పైన అల్మారా దాకా ఎత్తు 2 అడుగులు, మొత్తం 28 చదరపు అడుగులు. మూడు ఇంచులు ఆరు ఇంచుల టైల్ చదరపు అడుగుకు 8 పడుతుంది, అంటే 224 ముక్కలు, ప్రతి ముక్క చుట్టూ సందే. రోజూ పోపులో ఆవాలు చిటపటలాడుతాయి, పసుపు పడుతుంది, మీ అత్తమ్మ జొన్న రొట్టె చేస్తే పిండి ఎగురుతుంది, ఇక సంక్రాంతికి సకినాలు కాల్చే రోజుల్లో నూనె ఆవిరి గోడంతా పడుతుంది. అన్ని సందులు బ్రష్ పట్టి రుద్దేది నువ్వే కదా, ఉద్యోగం చేసి వచ్చి.

12 ఇంచులు 24 ఇంచుల టైల్ తీసుకో, అడ్డంగా వేయించు, రెండు వరుసల్లో అయిపోతుంది. కానీ ఒక సంగతి, అడుగు అని పిలుస్తాం గానీ అది నిజానికి 300 మిల్లీమీటర్లే, కాబట్టి పైన కొంచెం సందు మిగులుతుంది, అల్మారా కింది అంచును ఆ మేరకు దించమని కార్పెంటర్‌కు ఇప్పుడే చెప్పు. పొడవులో కూడా చివర సన్నటి పట్టీ వస్తుంది, దాన్ని ఫ్రిజ్ పెట్టే మూలకు తోయించాలి, పొయ్యి వెనక రానివ్వొద్దు. 20 ముక్కలు తెచ్చుకో, మిగిలినవి అటక మీద దాచు. రేపు ఒకటి పగిలితే అదే డిజైన్ షాపులో దొరకదు. డబ్బాల మీద బ్యాచ్ నంబర్, షేడ్ నంబర్ ఒకటేనా చూసుకో, వేరైతే రంగు తేడా గోడ మీదికి ఎక్కాకే తెలుస్తుంది.

రంగు సంగతికొస్తే నలుపు, ముదురు నీలం నిగనిగలాడేవి మీ ఊరికి పనికిరావు. తాగడానికి, వంటకు నల్లా నీళ్లు వాడినా గిన్నెలు కడిగేది బోరు నీళ్లతోనే, ఆ ఉప్పు చుక్కలు ఆరాక ముదురు రంగు మీద తెల్లగా తేలుతాయి. లేత క్రీమ్ రంగు, నున్నటిది చూడు. గరుకుగా ఉండే మ్యాట్ టైల్ నూనెను పట్టుకుంటుంది. మార్బుల్ అసలే వద్దు, నిమ్మకాయ, చింతపండు పులుసు పడితే రాయిని తినేసి మచ్చ పడుతుంది. షాపు లైట్ల కింద నమ్మకు, ఒక సాంపిల్ అడిగి ఇంటికి తెచ్చి, నూనెలో పసుపు కలిపి రాసి రాత్రంతా వదిలేసి పొద్దున తుడిచి చూడు. రెండు టైల్స్ ముఖాముఖి పెట్టి కూడా చూడు, మధ్యలో వెలుతురు కనిపిస్తే వంగినట్టు.

సందులు నింపడానికి మామూలు సిమెంట్ గ్రౌట్ కాకుండా ఎపాక్సీ, అంటే జిగురులాంటి రసాయన గ్రౌట్, పెట్టించు. ఖర్చు ఎక్కువే, మేస్త్రీలకూ విసుగే ఎందుకంటే గట్టిపడేలోపు వెంటనే తుడవాలి, కానీ నూనె, పసుపు లోపలికి దిగవు. ఈ ఒక్క చోట పైసలకు వెనకాడొద్దు, తక్కువైతే నేను ఇస్తాను. గట్టు గ్రానైట్ గోడను తాకే చోట మాత్రం సిలికాన్, అక్కడ గ్రౌట్ పెడితే పగులుతుంది.

అల్లుడు మాట్లాడిన మేస్త్రీ టైల్ వెనక మధ్యలో ఇంత ముద్ద పెట్టి అతికించేస్తాడేమో చూడమను. మూలలు డొల్లగా ఉండిపోతాయి, తర్వాత మేకు కొడితే అక్కడే పగులుతుంది. పళ్ల తాపీతో అడెసివ్, అంటే టైల్ జిగురు, గోడ నిండా గీయాలి. మిక్సీ, గ్రైండర్ ప్లగ్గులు ఎక్కడో టైల్స్‌కు ముందే తేల్చుకోండి.

మీ అమ్మ పువ్వుల టైల్స్ వదులుకోవాల్సిన పని లేదు, హాల్లో వాష్ బేసిన్ వెనక వేద్దాం, అక్కడ నీళ్లు తప్ప ఏమీ పడవు. ఆదివారం పొద్దున బస్సుకు రసమట్టం, గుండు తీసుకొని వస్తాను, గోడ ఎంత వంకరుందో చూశాకే షాపుకు పోదాం, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మీ నాయిన