మా ఆడపిల్లల బడికి చేయందించినవారికి కృతజ్ఞతలు, చేసిన పనుల వివరాలతో

సెలవుల్లో వచ్చి మా ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలకి పనిచేసిపెట్టిన తల్లిదండ్రులకి, పనివారికి, పూర్వ విద్యార్థినులకి, ఇరుగుపొరుగువారికి బడి కమిటీ తరఫున, ఉపాధ్యాయినుల తరఫున నమస్కారాలు. పేర్లు రాయొద్దని మీలో చాలామంది ముందే చెప్పేశారు కాబట్టి రాయడం లేదు. బదులుగా ఏ పని ఎలా చేశారో, ఎందుకలా చేశారో రాస్తున్నాం. "అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏడాది తిరిగేసరికి ఫలానా గొళ్ళెం అంత కిందికి ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. తర్వాత వచ్చే పనివాడు దాన్ని ఊడదీసి మళ్ళీ పాత ఎత్తులోనే బిగిస్తాడు.

ముందు మరుగుదొడ్ల తలుపులు బాగుచేసిన వడ్రంగి గారికి. ఆడపిల్లల బడిలో మొట్టమొదట చూడాల్సింది ఇవేనని మా గట్టి నమ్మకం. గొళ్ళెం సరిగ్గా పడకపోతే పిల్ల లోపలికి వెళ్ళదు. వెళ్ళాల్సిన అవసరం రాకూడదని పొద్దున్నుంచీ నీళ్ళే తాగదు. నీళ్ళు తగ్గించడం, ఆపుకోవడం రెండూ కలిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు డాక్టరు చుట్టూ తిరుగుతారు గానీ, బడిలో గొళ్ళెం సంగతి ఎవరికీ తట్టదు.

వడ్రంగి గారు పాత గొళ్ళేలన్నీ తీసేసి, నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో పిడి తిప్పితే పడే రకం బిగించారు. ఒకటో తరగతి పిల్ల కూడా మునివేళ్ళ మీద లేవకుండా తిప్పగలదు. వీటికి బయటివైపు నాణెం పట్టేంత గాడి ఉంటుంది. లోపల ఎవరైనా ఇరుక్కుపోతే పెద్దవాళ్ళు నాణెంతో తెరవచ్చు. ఆకతాయి పిల్లలు వేళ్ళతో తిప్పలేరు. తలుపులు బయటికి తెరుచుకునేలా మార్చారు, ఎందుకంటే లోపల పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ పిల్లే అడ్డమవుతుంది. అడుగున 10 సెంటీమీటర్ల సందు వదిలారు. పడిపోయిన పిల్ల కనబడుతుంది, నిలబడి తొంగిచూద్దామంటే ఏమీ కనబడదు.

అసలు పనితనం తలుపు అడుగు అంచులో ఉంది. రంగు వేసేవాళ్ళు మామూలుగా ఆ అంచుని వదిలేస్తారు, కంటికి ఆనదు కదా. నేల కడిగిన నీళ్ళు పీల్చేది మాత్రం సరిగ్గా అక్కడే. తడికి చెక్క ఉబ్బుతుంది, తలుపు చట్రానికి పట్టేస్తుంది, గొళ్ళెం తన రంధ్రానికి ఎదురుగా రాదు, పిల్లలు గుద్దిగుద్ది వేస్తారు, మరలు ఊడతాయి. గొళ్ళెం పాడైందనుకుంటాం, నిజానికి పాడైంది తలుపు. అందుకే ఆయన తలుపులన్నీ దించి, ఎండబెట్టి, చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు వచ్చేలా చిత్రిక పట్టి, అడుగు అంచుకి ప్రైమరు మీద రెండు పూతలు వేశారు. తిరిగి ఎక్కించినప్పుడు పొడుగు మరలు వాడారు. వేసిన రంగులో సీసం లేదని డబ్బా మీద చూసి మరీ తెచ్చారు. పెచ్చులూడే రంగుని గిల్లి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు మరి.

సామాను కొట్టుగా మారిపోయిన మరుగుదొడ్డిని ఖాళీ చేసి వాడకంలోకి తెచ్చిన పూర్వ విద్యార్థినులకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆడపిల్లలకి 25 మందికి ఒకటి చొప్పున ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ బడులకి సూచించిన లెక్క. లెక్కలో ఉండి తాళం పడినవి లేనట్టే. నాలుగు, ఐదు తరగతుల వైపున్న మరుగుదొడ్డిలో వాళ్ళు ఒక మూతపెట్టె కూడా అమర్చారు: ప్యాడ్లు, విడి లోదుస్తులు, ముదురు రంగు గౌను, చుట్టి పారేయడానికి కాగితం కవర్లు, పక్కనే కాలితో తొక్కితే తెరుచుకునే చెత్తబుట్ట. తొమ్మిదేళ్ళకే నెలసరి మొదలయ్యే పిల్లలుంటారు. పెట్టె ఆఫీసు గదిలో ఉంటే ఆ పిల్ల వెళ్ళి పెద్దవాళ్ళని అడగాలి, అడగదు. అందుకే లోపలే పెట్టారు. ఎవరు ఎన్ని తీశారని లెక్క రాయడం లేదు, దయచేసి ఎవరూ మొదలుపెట్టొద్దు.

నీళ్ళ ట్యాంకు కడిగిన బృందానికి. ట్యాంకు కడగడం చాలామంది చేస్తారు గానీ వరస తప్పుతుంది. వీళ్ళు ముందు నీళ్ళన్నీ వదిలేసి, సబ్బు పొడి వాడకుండా బ్రష్షుతో గోడలు రుద్ది, అడుగు మడ్డిని కిందనున్న వాషవుట్ (ట్యాంకు ఖాళీ చేసే పైపు) గుండా బయటికి పంపారు. తర్వాత నిండా నింపి బ్లీచింగ్ పౌడర్ వేశారు. పొడిలో 33 శాతం క్లోరిన్ ఉంటే వెయ్యి లీటర్లకి 150 గ్రాములు. అప్పుడు లీటరుకి 50 మిల్లీగ్రాములు పడుతుంది. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించలేదు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోశారు. ఆ సున్నం పైపుల్లోకి వెళ్తే కుళాయిల వాషర్లలో ఇరుక్కుని బొట్లుబొట్లుగా కారుతుంటాయి. ఆ తర్వాత బడిలోని ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేశారు. ఈ మెట్టు మరిచిపోతే ట్యాంకు శుభ్రం, పైపులు యథాతథం. రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున్నే మొక్కలకి పోకుండా పారబోసి, మళ్ళీ నింపి, తాగే కుళాయి దగ్గర క్లోరిన్ కిట్టుతో చూశారు. లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటే తాగొచ్చు.

ఇక ముందు ఈ పని చేసేవారికి రెండు మాటలు. మూతి కట్టకుండా తేమలో వదిలేసిన పాత పొడిలో బలం ఉండదు, లెక్క ప్రకారం వేసినా పనిచేయదు. రెండోది ప్రాణాంతకం: బ్లీచింగ్ పౌడర్‌ని యాసిడ్‌తో గానీ, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ రకం ద్రావణంతో గానీ కలపకూడదు, ఒకే బకెట్లో ఒకదాని తర్వాత ఒకటి కూడా వాడకూడదు. విషవాయువు వస్తుంది. నేల కింది సంపులోకి ఎవరూ ఒంటరిగా దిగొద్దు. ఓవర్‌ఫ్లో పైపుకి దోమల జాలీ కట్టిన చిన్న పనీ, మూతకి తాళం వేసిన పనీ కూడా మరవలేదు.

చేతులు కడిగే చోట ప్లంబర్ గారు నొక్కుడు కుళాయిల స్క్రూ సర్ది, ఒక్క నొక్కుకి నీరు వచ్చే సమయం పెంచారు. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలని నేర్పిస్తాం. కుళాయి మూడుసార్లు ఆగిపోతే చిన్నపిల్ల సగంలోనే వదిలేసి పరిగెడుతుంది. సబ్బుల్ని వల సంచుల్లో వేలాడదీశారు. గిన్నెలో పెడితే నీళ్ళు నిలిచి కరిగిపోతాయి, ఆడుకుంటూ పారేస్తారు.

గేటు దగ్గర సాయంత్రాలు నిలబడుతున్న అమ్మలకి, నాన్నలకి, తాతయ్యలకి. బడి వదిలే పావుగంట రోజు మొత్తంలోకీ ప్రమాదమైన పావుగంట. మీరు పెట్టిన పద్ధతి ఇది: ఒకటి, రెండు తరగతులు ముందు, పది నిమిషాల తర్వాత మిగతావాళ్ళు. గేటు దగ్గర ఒకరు పిల్లని పేరుతో పిలుస్తారు, ఇంకొకరు జాబితాలో తీసుకెళ్ళేవారి పేరు, ఫొటో చూసి టిక్కు పెడతారు. ఒక్కరే రెండు పనులూ చేస్తే రద్దీలో చూపు జాబితా మీదే ఉంటుంది, పిల్ల జారుకుంటుంది. జాబితాలో లేని మనిషి "వాళ్ళ అమ్మ పంపింది" అంటే, ఆ మనిషి ఇచ్చిన ఫోన్‌లో మాట్లాడరు. బడి రిజిస్టరులో ఉన్న నంబరుకి మనమే చేస్తాం. ఎంత తెలిసిన మొహమైనా ఇదే పద్ధతి. కొందరికి మనసు కష్టపడింది, తెలుసు. అయినా మార్చం.

గేటు దగ్గర నిలబడేవారు తల్లిదండ్రులందరికీ చెబుతున్న ఇంకో మాట మేమూ ఇక్కడ చెబుతున్నాం. రోడ్డు అవతల నిలబడి పిల్లని పిలవొద్దు, చెయ్యి ఊపొద్దు. అమ్మ కనబడగానే పిల్ల కళ్ళకి ఇంకేమీ ఆనదు, రోడ్డు మీదికి దూకుతుంది. మీరే దాటి ఇవతలికి రండి. వచ్చే బండి వేగం, దూరం అంచనా వేయడం ఈ వయసుకి ఇంకా రాదు. ఆగి ఉన్న రెండు బళ్ళ మధ్యనుంచి బయటికొచ్చే పిల్ల డ్రైవరుకి చివరి క్షణందాకా కనబడదు. అందుకే గేటుకి రెండు వైపులా కోన్లు పెట్టి బండి ఆపకుండా చేశారు. రివర్స్ తీయడం పూర్తిగా బంద్, ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోవడమే.

ఆటస్థలం. జారుడుబల్ల, ఉయ్యాలల కింద 30 సెంటీమీటర్ల మందాన చెక్క తునకలు పోసిన యువకులకి థ్యాంక్స్. తొక్కుడుకి అది నాలుగో వంతు అణిగి 23కి వస్తుందని లెక్కేసే అంత పోశారు. గడ్డి ఉంది కదా అనుకోవద్దు, గట్టిపడిన మట్టి మీద గడ్డి పడిన పిల్లని కాపాడదు. ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర కాళ్ళతో తన్ని గుంట చేస్తారు కాబట్టి వారానికోసారి దంతెతో చదును చేయాలి. గొలుసుల పైనున్న ఎస్ ఆకారపు కొక్కేల నోళ్ళు పల్చటి నాణెం కూడా దూరకుండా నొక్కేశారు. మెట్ల కంచెలో 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉన్న సందులకి అడ్డపట్టీలు కొట్టారు. అంత సందులో పిల్ల కాళ్ళు, నడుము దూరతాయి, తల ఇరుక్కుంటుంది, కాళ్ళు గాల్లో వేలాడతాయి. మెడకి చుట్టిన స్కార్ఫ్, లాగి ముడేసే టోపీ తాడు ఉన్న పిల్లని జారుడుబల్ల ఎక్కనివ్వొద్దని ఆయమ్మలకి చెప్పించారు. పైన ఏదైనా మేకుకి తగులుకుంటే ఒంటి బరువంతా మెడ మీదే పడుతుంది.

ఎలక్ట్రీషియన్ గారు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టి, మోటారుకి ఎర్తింగ్ వేశారు. ఆర్‌సీసీబీ మీది 'టెస్ట్' మీట నెలకోసారి నొక్కాలి. నొక్కితే ట్రిప్ కాకపోతే అది ఉన్నా లేనట్టే.

ప్రథమ చికిత్స నేర్పిన నర్సమ్మ గారు చెప్పినవాటిలో పళ్ళ సంగతి చాలామంది ఉపాధ్యాయినులకి కొత్త. ఆరేడేళ్ళ వయసులో ముందువైపు పళ్ళు ఊడి శాశ్వతమైనవి వస్తాయి, సరిగ్గా పరుగుపందేల వయసు. శాశ్వత పన్ను ఊడి పడితే వేరు పట్టుకోకుండా పై భాగం పట్టుకుని తీయాలి, మట్టి అంటితే క్షణకాలం కడగాలి గానీ రుద్దకూడదు, పాలల్లో వేసి వెంటనే పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. పాలపన్ను అయితే తిరిగి పెట్టే ప్రయత్నమే చేయొద్దు, లోపల ఎదుగుతున్న పన్ను దెబ్బతింటుంది. ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చడం తప్పు. ముందుకి వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యలో వదిలి చూడటంతోనే పని చెడుతుంది.

ఒంటి భద్రత గురించి పిల్లలతో మాట్లాడిన కౌన్సెలర్ గారు, పిల్లలకంటే మాకే ఎక్కువ నేర్పారు. శరీర భాగాలకి అసలు పేర్లే చెప్పాలి. ముద్దుపేర్లు చెబితే పిల్ల ఏం చెబుతోందో వినేవాళ్ళకి అర్థం కాదు. పుట్టినరోజు కానుక దాచిపెట్టడం వేరు, "ఎవరికీ చెప్పకు" అని ఒక పెద్దమనిషి అనడం వేరు అని పిల్లలకి ఆటలాగా చెప్పారు. పిల్ల ఏదైనా చెబితే ఉపాధ్యాయిని చేయాల్సినవి: వినడం, "ఫలానా వాడేనా?" అని నోట్లో మాట పెట్టకపోవడం, "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకపోవడం, పిల్ల అన్న మాటల్ని అన్నట్టే రాసుకోవడం, ఆరోజే బాధ్యురాలికి అందజేయడం. సాయానికి వచ్చే పెద్దలెవరైనా రిజిస్టరులో సంతకం చేసి బ్యాడ్జి పెట్టుకోవాలనీ, మూసిన గదిలో ఒక్క పిల్లతో ఉండకూడదనీ ఆవిడ చెప్పిన నియమం హెడ్మిస్ట్రెస్ గారితో సహా అందరికీ వర్తిస్తుంది.

శుక్రవారం కథలు చదివి వినిపిస్తున్న అమ్మమ్మలు, నానమ్మలు కూడా బ్యాడ్జీ పెట్టుకునే వస్తున్నారు, ఒక్కరూ చిన్నబుచ్చుకోలేదు. మీ కథల గంట గది తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి పక్క తరగతివాళ్ళు పాఠం మానేసి వింటున్నారని ఫిర్యాదు వచ్చింది. దానిమీద చర్యలేమీ తీసుకోదల్చుకోలేదు.

ఈ పోస్టుకి పిల్లల ఫొటోలు ఎందుకు పెట్టలేదని కొందరు అడుగుతారు. యూనిఫాం మీద బడి గుర్తు, పక్కన పిల్ల పేరు, బడి వదిలే సమయం మూడూ ఒకచోట దొరికితే చాలు, తెలియనివాడు తెలిసినవాడిలా గేటు దగ్గరికి వచ్చేయగలడు. మీ దగ్గరున్న ఫొటోల్లో వేరే పిల్లలుంటే వాళ్ళ ఇంట్లో అడగకుండా పెట్టొద్దు. తలుపులవీ, ట్యాంకువీ ఫొటోలు ఎన్నైనా పెట్టుకోండి.

మిగిలిన పనులు: తరగతి గదుల తలుపులకి బందుల వైపు వేళ్ళు నలగకుండా రబ్బరు పట్టీలు, మంటలార్పే సిలిండర్ల సూది పచ్చగీతలో ఉందో లేదో నెలనెలా చూసే మనిషి, ఆటస్థలానికి మరో విడత చెక్క తునకలు. తునకల్లో మేకులు, రసాయనం పట్టించిన చెక్క ఉండకూడదు. ఇవ్వగలిగినవారు ఆఫీసులో చెప్పండి, తెచ్చి గేటు దగ్గర కుప్ప పోయకండి. బళ్ళు తిరిగే చోటు అది.