మా పార్కుకి తలో చెయ్యీ వేసిన వాళ్ళందరికీ

అందరికీ నమస్కారమండి.

ఈ నాలుగు ముక్కలూ పార్కు తెరిచిన రోజే రాయాల్సింది. లెక్కల పుస్తకం మూయకుండా థాంక్స్ చెప్పడమేంటని సంఘం పెద్దలు పట్టుబట్టారు. ఆ పుస్తకం నిన్న రాత్రికి మూశాం. వచ్చింది 9,62,350 రూపాయలు. ఖర్చయింది 9,97,800. మధ్యలో తేడా ఎవరికి బాకీ పడ్డామో చివర్లో చెబుతాను.

మా కాలనీ తెలియని వాళ్ళూ చాలామంది డబ్బు పంపారు కాబట్టి వాళ్ళ కోసం రెండు మాటలు. రాజమండ్రిలో ఊరి చివర పాత లేఅవుట్ మాది. పార్కు కోసం వదిలిన పది శాతం స్థలం ఇన్నేళ్ళూ సర్కారు తుమ్మకీ, పెళ్ళిళ్ళ సీజన్లో ఎంగిలి విస్తళ్ళకీ పనికొచ్చింది. బాగుచేద్దామని ప్రతి ఉగాదికీ అనుకోవడం, వదిలేయడం. ఈసారి నిజంగానే చేస్తారని తెలిశాక నేను అడిగింది ఒక్కటే, మా పాప కూడా లోపలికి వెళ్ళేలా చేద్దామని.

పాపకి తొమ్మిదేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ. వీల్‌చైర్లో ఉంటుంది. సాయంత్రం వీధిలో క్రికెట్ ఆడుతుంటే మా వరండాలోంచి అంపైరింగ్ చేసేది తనే. వైడ్ ఇస్తే ఎదురు చెప్పే మొనగాడు లేడు. చూసినవాళ్ళంతా ముచ్చటపడేవారు. నాకు మాత్రం కడుపులో దేవినట్టు ఉండేది. ఎంత మంచి అంపైరయితే మాత్రం, ఎన్నాళ్ళు అంపైరు?

మొదటి డబ్బు వినాయకుడిదే. 2024 చవితికి మన పందిట్లో లడ్డూ పాట 1,51,000కి వెళ్ళింది. (బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి మొదలై అదే 2024లో 30 లక్షలు దాటింది. మనం ఇంకా 1994కే దగ్గర్లో ఉన్నాం, కంగారేం లేదు.) ఆ డబ్బు ఏటా డీజేకీ, ఊరేగింపుకీ పోయేది. పాడుకున్న బాబాయిగారు లడ్డూ నెత్తిన పెట్టుకునే మైకు అడిగి, "ఈ సొమ్ముతో డీజే పెడితే వచ్చే ఏడు నేను పాటకి రాను" అన్నారు. కుర్రాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. పర్లేదు, తర్వాత ఆ కుర్రాళ్ళే కంప కొట్టారు, మూడు ఆదివారాలు.

తర్వాత జరిగిన మీటింగు మాత్రం సాఫీగా జరగలేదు. రిటైరైన మాస్టారొకరు లేచి, "మన కాలనీలో ఇలాంటి పిల్లలు ఎంతమందమ్మా?" అన్నారు. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ముగ్గురన్నాను. "ముగ్గురి కోసం ఇంత ఖర్చా?" అన్నారు. కోపంతో అన్న మాట కాదు, మాస్టారిది లెక్కల బుర్ర. నాకు నోట మాట రాలేదు. అప్పుడు మా పాపకి ఫిజియోథెరపీ చేయించే భవిత సెంటర్ (ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపేది) టీచరుగారు, నేను తోడు రమ్మంటే వచ్చిన మనిషి, సంచీలోంచి నోటుబుక్కు తీశారు. ఇక్కణ్ణుంచి ఆటోలో పదిహేను నిమిషాల్లోపు ఉన్న పిల్లలు తనకి తెలిసి పంతొమ్మిది మంది అన్నారు. ఒకరికి చూపు లేదు, ఇద్దరికి ఆటిజం, వినపడటానికి ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఆపరేషన్ అయిన బాబు ఒకడు, అలా చదువుకుంటూ పోయారు. "మరి మాకెప్పుడూ కనపడలేదే?" అన్నారెవరో వెనక నుంచి. "ఎక్కడికొస్తే కనపడతారండీ?" అన్నారావిడ. అంతే, ఆవిడ మళ్ళీ కూర్చుండిపోయారు.

టీచరుగారూ, ఆ ఒక్క మాటకి మీకు ఏమిచ్చుకోగలను?

మాస్టారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే పదివేల చెక్కు రాసి, "లెక్కలు నేనే చూస్తా" అన్నారు. చూశారు కూడా. వోచరు లేకపోతే కొబ్బరికాయ డబ్బులు కూడా ఇవ్వలేదు. సిమెంటు బిల్లులో ఎక్కువ పడ్డ రెండు బస్తాలు పట్టుకున్నది ఆయనే. మాస్టారూ, మీతో పడ్డ ప్రతి పేచీకీ నా నమస్కారం.

సంక్రాంతి సంగతి చెప్పాలి. మా గోదావరి జిల్లాల్లో పండక్కి ఊరు నిండుతుంది. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చిన కొత్త అల్లుళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు డిక్కీలో ఖాళీ ఉండకూడదు. ఆ డిక్కీల మీదే మా ఆడవాళ్ళ కన్ను పడింది. ఆత్రేయపురం నుంచి మా మూడో వీధికి కోడలుగా వచ్చిన అక్క ఒకావిడ ఉంది. పూతరేకులు చేద్దామని తనే అంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు తేలుతుంది. అక్క చేత్తో తీస్తే ఉల్లిపొర. నేను తీస్తే అప్పడం. మొదటి రోజు నేను పాడుచేసిన రేకులన్నీ పిల్లలు పంచదార చల్లుకుని తినేశారు. నన్ను నెయ్యి రాసే పనికి మార్చారు. పన్నెండు రోజులు, పద్నాలుగు మంది ఆడవాళ్ళు, ఖర్చులు పోను 86,400. అక్కకి ఎడమచేతి మీద ఆవిరికి కాలిన మచ్చ ఇంకా ఉంది. అడిగితే "పార్కు మచ్చ" అంటుంది.

డబ్బు విషయంలో నొచ్చుకున్న వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి క్షమాపణ ఇక్కడే చెప్పుకోవాలి. డాలస్ నుంచి మా పెదనాన్నగారబ్బాయి లక్ష పంపుతానన్నాడు. వద్దన్నాం. అన్నయ్యది అమెరికా పౌరసత్వం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని మనలాంటి సంఘం ఆ డబ్బు తీసుకోకూడదు. అదే దుబాయ్‌లో ఉన్న మన పిన్ని కొడుకు ఇండియా పాస్‌పోర్టు మీదే ఉన్నాడు, సొంత జీతం బ్యాంకు ద్వారా పంపాడు, తీసుకున్నాం. ఈ తేడా మాకు చెప్పి, పైసా తీసుకోకుండా కాగితాలన్నీ చూసిపెట్టిన ఆడిటరుగారికి కృతజ్ఞతలు. అన్నయ్య మాత్రం నెల్లాళ్ళు ఫోను ఎత్తలేదు. కంపెనీలు సమాజ సేవకి పక్కన పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు కోసం కూడా తిరిగాం. దానికి ఇంకో రిజిస్ట్రేషన్ కావాలన్నారు, అప్పటికి ఓపిక లేక వదిలేశాం. వచ్చే ఏడాదికి ఆ పని ఎవరైనా తలకెత్తుకుంటే బాగుండును.

అనుమతి ఫైలు ఒక టేబులు మీద నాలుగు నెలలు నిద్రపోయింది. ఏ టేబులో చెప్పను. లాయరుగా పనిచేసే చెల్లాయి ఒకావిడ, మా ఎదురింటి వాళ్ళ మేనకోడలు, అర్జీ మళ్ళీ రాసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పెట్టింది. దానికి తోడు రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ పెట్టింది. అందరికీ అందుబాటులో ఉండేలా కట్టడమన్నది దయతలచి చేసే పని కాదు, తప్పనిసరి నియమాలు ఉండి తీరాలని కోర్టు చెప్పిన తీర్పది. దాని కాపీకి ట్యాగు కట్టి మరీ ఇచ్చింది. ఆ తర్వాత ఫైలు లేచి నడిచింది. నడిపించిన కొత్త ఆఫీసరుగారికి కూడా ధన్యవాదాలు, ఆయన రెండుసార్లు సైటుకి స్కూటరు మీద వచ్చారు.

ఇక ర్యాంపు. వానాకాలం నీళ్ళు నిలవకుండా స్థలాన్ని రోడ్డుకన్నా అడుగున్నర లేపాం. పక్క ఇంజనీరింగు కాలేజీ సివిల్ పిల్లలు నలుగురు టేపులు పట్టుకొచ్చి, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు చొప్పున పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలని గీసిచ్చారు. మేస్త్రీ ఆ కాగితం చూసి నవ్వి, మేము లేని రోజు ఆరడుగుల్లో తేల్చేశాడు. "ఇద్దరు పట్టుకుంటే ఎక్కిపోద్దండమ్మా, జాగా దండగెందుకు?" అన్నాడు. మా పాప చూసి, "అమ్మా, జారుడు బల్ల ఇక్కడ పెట్టారేంటి?" అంది.

నేను వాదించలేదు. పాత వీల్‌చైరు తెచ్చి, నువ్వే కూర్చుని ఎక్కమన్నాను. మేస్త్రీ గట్టి మనిషి, రోజంతా కంకర మోసే చేతులు. సగం దాకా లాక్కొచ్చాడు. అక్కడ చక్రాలు వెనక్కి తిరగడం మొదలెట్టాయి. ఆపుకుందామని పట్టుకున్నాడు, అరచేతులు రెండూ గీరుకుపోయాయి, వెనక్కొచ్చి ఇసుక గుట్టలో ఆగాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి లుంగీ దులుపుకుని కుర్రాడితో, "పగలగొట్టరా" అన్నాడు. పగలగొట్టినందుకు, మళ్ళీ కట్టినందుకు రెండు రోజుల కూలి తీసుకోలేదు. వేపచెట్టు అడ్డొస్తే కొట్టనివ్వలేదు కూడా. తొమ్మిదడుగుల దగ్గర మలుపు తిప్పి, మలుపులో బండి తిరగడానికి ఐదడుగుల చదరం వదిలాడు. రెండు పక్కలా పట్టుకునే గొట్టాలు రెండేసి వరసలు, పెద్దాళ్ళకొకటీ పిల్లలకొకటీ. ఇప్పుడు వేరే సైట్లలో కూడా ర్యాంపు అంటే వీల్‌చైరు తెమ్మంటున్నాడట.

గేటు పెద్ద తలనొప్పి అయింది. ఆవులు రాకూడదు, బైకులు రాకూడదు, వీల్‌చైరు రావాలి. మామూలుగా పార్కులకి పెట్టే వంకర సందు గేటు ఆవునీ ఆపుతుంది, మా పాపనీ ఆపుతుంది. వెల్డింగు షాపు అబ్బాయి మూడు రకాలు చేసి చూశాడు. చివరికి మూడడుగుల తలుపుకి గొలుసు కట్టి, గొలుసు చివర పాత కాటా గుండు వేలాడదీశాడు. తోస్తే తెరుచుకుంటుంది, వదిలితే గుండు బరువుకి మూసుకుంటుంది. ఐదు కేజీల గుండు పెడితే పాపకి బలం చాల్లేదు, రెండు కేజీలది పెడితే ఆవు తోసేసింది. రెండు కేజీలదే ఉంచి, ఆవుకి తెలియని గడియ ఒకటి కింద పెట్టాడు. బిల్లు అడిగితే ఇనుముకి మాత్రం తీసుకున్నాడు.

డబ్బు ఎక్కువ మింగింది ఉయ్యాలల కింద రబ్బరు టైల్స్. ఇసుక పోస్తే చవకే, కానీ ఇసుకలో బండి చక్రం కూరుకుపోతుంది. వీపు ఆనుకునేలా బెల్టున్న ఉయ్యాల ఒకటి, నేలకి సమంగా ఉండి బండితో సహా ఎక్కగలిగే రంగులరాట్నం ఒకటి. జారుడు బల్ల ప్లాస్టిక్‌ది వద్దన్నాం. దాని మీద జారితే పుట్టే స్టాటిక్ కరెంటు కాక్లియర్ మిషనుకి మంచిది కాదని ఆ బాబు వాళ్ళమ్మ చెప్పింది. ఇనపది పెడితే ఎండకి కాలుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు మనది. అందుకని వేపచెట్టు నీడలోకి జరిపి ఇనపదే పెట్టాం. తల్లులు చెప్పకపోతే ఇవేవీ మాకు తట్టేవి కావు, నాకు కూడా. నా పాప సంగతి నాకు తెలుసు గానీ, పక్కింటి పిల్లాడి చెవి సంగతి నాకేం తెలుసు?

కడియం నుంచి మొక్కలు వచ్చాయి. నర్సరీ ఆయన్ని కళ్ళు కనిపించని పిల్లల కోసం వాసన వచ్చేవి కావాలని అడిగితే, ట్రాలీ ఆటో నిండా మరువం, దవనం, సంపెంగ, పారిజాతం, పైగా అడక్కుండా ఒక ఉసిరి మొక్క. డబ్బులివ్వబోతే, "ఆయ్, ఆటో కిరాయి ఇచ్చుకోండి చాలు" అన్నారు.

ప్రారంభం డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు పెడదామన్నారు కొందరు. నేనే వద్దన్నాను. ఆ రోజు మా పిల్లలకి శాలువాలూ ఫోటోలూ ఎక్కువ, ఆట తక్కువ. కార్తీకంలో మామూలు ఆదివారం పెట్టి, మోకాలెత్తు ఉన్న ఆ ఉసిరి మొక్క పక్కనే వనభోజనాలు పెట్టుకున్నాం. కులానికో వనభోజనం జరిగే రోజుల్లో అన్ని వీధుల వాళ్ళూ ఒకే బంతిలో కూర్చోవడం నాకు ఇంకో సంతోషం. పనసపొట్టు కూర వండిన మావయ్యగార్లకి దండం. ఆవ ఘాటుకి ఆ రోజు ఏడ్చిన వాళ్ళంతా ఆనందంతో ఏడ్చారని ఎవరూ అనుకోకండి.

టీచరుగారి పంతొమ్మిది మందిలో పదకొండు మంది వచ్చారు. చూపు లేని పిల్లకి ఆరేళ్ళుంటాయి. ఇసుక బల్ల దగ్గరకి వాళ్ళ తాతగారు తీసుకొచ్చారు. బండి కిందకి దూరేలా నడుమెత్తులో కట్టిన తొట్టి అది, గోదావరి ఇసుక మూడుసార్లు జల్లించి పోశాం. పిల్ల ముందు వేలు పెట్టింది, తర్వాత మణికట్టు దాకా, తర్వాత మోచేతుల దాకా. అవతలి పక్క మా పాప చెయ్యి కూడా ఇసుకలోనే ఉంది. లోపల ఎక్కడో ఇద్దరి వేళ్ళూ తగిలాయి. "ఎవరిదీ?" అంది ఆ పిల్ల. "నాది" అంది మా పాప. ఆ తర్వాత గంటసేపు ఇద్దరినీ అన్నానికి లేపలేకపోయాం.

బాకీ 35,450 రూపాయలు రబ్బరు టైల్స్ షాపాయనకి. సంక్రాంతికి మళ్ళీ కుండ బోర్లిస్తామని చెప్పాం, ఆగుతానన్నారు. వీల్‌చైరు పట్టే బాత్రూము ఇంకా కట్టలేదు. దూరం నుంచి వచ్చే తల్లులకి అదే ఇబ్బంది, ముందు అదే చేయాలి. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయలేదు, బోర్డు కూడా పెట్టడం లేదు.

సాయంత్రం చివర్లో వెళ్ళేవాళ్ళు మాత్రం ఇసుక తొట్టి మీద మూత వేసి వెళ్ళండి. నిన్న మర్చిపోయారు. పొద్దున్నే పిల్లి చేసిన పని నేనే ఎత్తిపోశాను.