పాత గోడలకు సిమెంటు పూయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖలో పాత కట్టడాల గురించి ఎవరు రాసినా కూల్చేస్తున్నారనే గోల. వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని, నాకు మాత్రం కూల్చేవాళ్ల కన్నా బాగుచేసేవాళ్లంటేనే భయం.

మా చెంగల్రావుపేటలో పాతకాలపు సున్నం కట్టుబడి ఆఫీసొకటి ఉంది. కిందటి వేసవిలో దాని గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, మెరిసే రంగు కొట్టారు. వానాకాలం వెళ్లేసరికి మోకాలెత్తు వరకు రంగు పొక్కింది. తెల్లగా ఉప్పు పూసింది. గోరుతో గీకితే ఇటుక పొడి రాలుతోంది. రాలదా మరి! సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండ తగిలితే వదిలేస్తుంది. సిమెంటుతో ఆ దారి మూసేస్తే నీరూ, మన సముద్రగాలి తెచ్చిన ఉప్పూ లోపలే ఉండిపోతాయి. తడి ఆరినప్పుడల్లా ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుకను లోపల్నుంచే చిట్లగొడుతుంది. మద్రాసు మిద్దెలకూ ఇదే గతి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు అది. కాస్త కారగానే పైన కాంక్రీటు పోస్తారు. ఆ బరువూ, చెమ్మా కలిసి గోడలో దాగిన దూలం కొసలను పుచ్చబెడతాయి. ఆ తర్వాత 'శిథిల భవనం' అని బోర్డు కట్టడం ఎంతసేపు?

చట్టం చూసుకుంటుందిలే అనుకోడానికీ లేదు. కేంద్ర పురావస్తు చట్టం 1958 నాటిది. కనీసం వందేళ్ల వయసుంటే తప్ప ఏ కట్టడాన్నీ అది లెక్కలోకి తీసుకోదు. నిండినా సర్కారు నోటిఫై చేస్తేనే రక్షణ. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) 1923లో తెరిచారు కాబట్టి వయసు చాలింది. 1933లో మొదలైన ఓడరేవు నాటి కట్టడాలు ఇంకా ఆగాలి. 1970లో వచ్చిన జగదాంబ థియేటర్ మాటెత్తితే నవ్వుతారు. ఊళ్లో సగం అడ్రసులు దాని పేరు మీదే నడుస్తున్నాయి, అది వారసత్వం కాదట!

జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) వారిని నేనడిగేది పెద్ద ఖర్చు పనేం కాదు. వయసుతో పని లేకుండా వార్డులవారీగా జాబితా వేయండి. మరమ్మతు టెండరులో 'సున్నపు గోడకు సున్నమే' అని ఒక్క షరతు రాయండి. కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి గానుగ సున్నం పదును చేయడం తెలిసిన ముసలి మేస్త్రీలు మా పేటల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. పనిలేక అరుగుల మీద కూర్చుంటున్నారు. కుర్రాళ్లను వాళ్ల చేతికింద పెట్టి కూలి ఇప్పించండి. టౌన్ హాలు, కురుపాం మార్కెట్ లాంటివాటికి ఇకపై ఏ చిన్న మరమ్మతు వచ్చినా ముందు వాళ్లను పిలిచి గోడ చూపించండి. ఎస్టిమేటు ఆ తర్వాత వేసుకోవచ్చు.

— ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
చెంగల్రావుపేట, విశాఖపట్నం