అమ్మడూ, ఆ బ్యాంకు పాలసీ ఒకసారి తీసి చూడు

అమ్మడూ,

నిన్న ఫోన్లో ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా అనడిగితే "లోన్ ఇచ్చినప్పుడే బ్యాంకు వాళ్ళు చేయించేశారు నాన్నా" అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. హుద్‌హుద్ తుఫానుకి ముందు నేనూ అచ్చం ఇదే మాట అనేవాణ్ణి.

2014 అక్టోబర్ 12, ఆదివారం. నువ్వు హాస్టల్లో ఉన్నావు, చూళ్ళేదు. పొద్దున్నించీ గాలి అలా పెరుగుతూనే ఉంది, మేడమీద రేకుల షెడ్డు ఎగిరిపోయింది, హాలు కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికే కొడుతుంటే నేనూ మీ అమ్మా దేవుడి గదిలో తలుపేసుకుని కూచున్నాం. టీవీ, ఇన్వర్టరు, పరుపులు, నీ పుస్తకాలు, అన్నీ పోయాయి. కరెంటు రావడానికే రోజులు పట్టింది. అప్పుడు తీరిగ్గా కాగితాలు తీసి చూస్తే ఆ పాలసీ నా ప్రాణానికట, ఇంటికి కాదు. నేను పోతే లోన్ తీరుతుంది, ఇల్లు పోతే పైసా రాదు! బాగు చేయించడానికి మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టాం, నీకప్పుడు చెప్పలేదు.

వైజాగ్‌లో మీ మధురవాడ నుంచి సముద్రం ఎంత దూరమే? అందుకని ఇవాళే చూడు, పాలసీ మీద ఇంటి అడ్రసు, బిల్డింగ్ విలువ ఉన్నాయా లేక అల్లుడు గారి పేరు, వయసు మాత్రమే ఉన్నాయా అని. ఇంటికి లేకపోతే భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీ అడుగు, 2021 ఏప్రిల్ నుంచి వచ్చింది, తుఫాను, వరద, పిడుగు, భూకంపం అన్నీ అందులోనే. సామాన్లకి లిస్టు ఇవ్వక్కర్లేకుండా బిల్డింగ్ విలువలో 20 శాతం, 10 లక్షల దాకా వస్తుంది, నగలకి మాత్రం విడిగా చేయించాలి. ఇల్లు కొన్న రేటుకి చేయించకండి, స్థలం గాలికి ఎగిరిపోదు కదా, మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అంతకి చాలు. మన ఇంటికి 30 లక్షలకి నేను కట్టేది ఏడాదికి రెండు వేలు కూడా లేదు.

ఇంకోటి, స్లాబు ఎప్పట్నుంచో కారుతుంటే దానికి క్లెయిమ్ ఇవ్వరు, పైన ఆ పగులు వానలకి ముందే పూడ్పించండి. గదిగదికీ వీడియో తీసి బిల్లులతో పాటు నాకు వాట్సాప్‌లో పెట్టు, నా దగ్గరా ఒక కాపీ ఉంటుంది.

పాలసీ మొదటి పేజీ ఫొటో రాత్రికల్లా పంపు, పడుకోకుండా చూస్తుంటాను.

నాన్న